కంచె అవతలి ఫ్రెంచి ఆవిడ

మొన్న శనివారం మా పక్కింట్లో కొత్తవాళ్ళు దిగారు. నేను కారు బయటికి తీస్తుంటే, ఆ ఇంటాయన ఒక చెక్కబల్లనూ కుర్చీలనూ మోసుకొచ్చి, ఎంతో ముచ్చటపడి ఇంటికి దక్షిణం వైపు సర్దుకుంటున్నాడు. పాపం, ఉత్తరార్ధగోళం నుంచి వచ్చినట్టున్నారు అనుకున్నాను. భూమికి ఈ అడుగున సూర్యుడు ఉత్తరం వైపు నుంచి తిరుగుతాడు. దక్షిణం గోడకు చలికాలమంతా ఎండ పట్టదు, పాచి పడుతుంది. న్యూజిలాండ్‌లోని ఈ పామర్‌స్టన్ నార్త్‌కు వచ్చిన కొత్తలో మేమూ బట్టల తీగ ఆ వైపే కట్టి, ఎన్నాళ్ళకీ ఆరని జీన్సు ప్యాంట్లను చూసి ఈ దేశపు బట్టలే ఇంతేమో అనుకున్నవాళ్ళం. ఆ బల్లను చూడగానే నాకు పూర్వం అదే ఇంట్లో ఉన్న ఫ్రెంచి ఆవిడ గుర్తొచ్చింది.

వాళ్ళు ఒక ఫిబ్రవరిలో వచ్చారు, మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. ఊరి చివర పరిశోధనశాలలో చీజ్ మీద పనిచేయడానికి ఆయనకు ఉద్యోగం. మాతోనే ఉండే మా అత్తమ్మ ఆ మాట విని, "జున్ను జేయనీకి గింత దూరం రావాల్నా?" అని ఆశ్చర్యపోయింది. ఫ్రాన్సులో వాళ్ళది ఉత్తరాన ఎప్పుడూ ముసురుపట్టి ఉండే ప్రాంతమట. న్యూజిలాండ్ అంటే ఎండ అని ఎవరో చెబితే ఆశపడి వచ్చారు. ఎండ ఉన్నమాట నిజమే. దానితోపాటు వీచే గాలి సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. కొండల నిండా గాలిమరలు నిలబెట్టిన ఊరికి వస్తూ ఆ విషయం అడగకపోవడం వాళ్ళ పొరపాటే. అయినా ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, అది ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, కోట్లు వేసుకుని మరీ బయట కూర్చుని సాయంత్రందాకా భోంచేసేవారు. ఇక్కడి సూపర్‌మార్కెట్ బ్రెడ్డును ఆవిడ బొటనవేలితో నొక్కి, అది మళ్ళీ మెల్లగా పైకి లేవడాన్ని వాచిన కాలును పరీక్షించే డాక్టరులా దిగులుగా చూసేది.

ఆవిడ అక్కడ మిడ్‌వైఫ్. ఎన్నో ఏళ్ళు కాన్పులు చేసిన మనిషి. ఇక్కడ అదే పని చేయాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. ఈలోగా ఊరికే కూర్చోలేక కూరగాయల మడి వేసింది, ఇంటికి దక్షిణాన. చలికాలం వచ్చేసరికి బచ్చలి మొక్కలు వేలెడు దాటలేదు. మా అత్తమ్మ చూసి చూసి, ఒకరోజు చీర కొంగు బిగించి గేటు తీసుకుని వెళ్ళిపోయింది. "ఎండ గటు దిక్కు పడ్తది బిడ్డా! గిటు బెడితె ఎట్ల మొలుస్తయ్?" అని చేతులు తిప్పుతూ ఆకాశంలో సూర్యుడి దారి గీసి చూపించింది. అత్తమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకూ అంతంతమాత్రమే. కానీ మరుసటి వారానికల్లా మడి ఉత్తరం వైపుకి, అంటే మా కంచె పక్కకి మారిపోయింది. ఆ మడితోపాటు ఆవిడ కూడా వచ్చి మా కంచె దగ్గరే స్థిరపడింది.

అప్పటినుంచీ పొద్దున్నే ఇద్దరూ చెరో వైపు నిలబడి మాట్లాడుకునేవారు. ఒకరు ఫ్రెంచి, ఒకరు వరంగల్ తెలుగు. అలా ఆవిడకు కొన్ని మాటలు పట్టుబడ్డాయి: నీళ్ళు, ఎండ, వద్దు, చాలు, జర ఆగు. మా అత్తమ్మకు నిత్యం ఉండే ఫిర్యాదు "నడుం గుంజుతాంది" అన్నది. అది వినగానే ఆవిడ కంచె మీదుగా చేయి చాపి, అత్తమ్మ నడుముకు ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కేది. నేను "అత్తమ్మా" అని పిలవడం విని అదే పేరనుకుని ఆవిడా "అత్తమ్మా" అనేది. నేను సరిదిద్దలేదు. మా అత్తమ్మకు ఆ పిలుపు నచ్చింది.

ఆవిడకు ఇంగ్లీషు చెప్పే బాధ్యత నా మీద పడింది. ఖర్మ కాకపోతే, హనుమకొండలో ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలుపెట్టిన నేను ఫ్రెంచావిడకు పాఠాలు చెప్పడం! నేనప్పటికి రెండో కాన్పుతో ఉన్నాను. సాయంత్రాలు వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని వ్యాసాలు రాయించేదాన్ని. ఆవిడకు అన్నీ సందేహాలే. "బాగుంది అనడానికి వీళ్ళు మాటిమాటికీ 'స్వీట్ యాజ్' అంటారు. తియ్యగా ఉంది సరే, దేనంత తియ్యగా? మిగతా వాక్యం ఏదీ?" అని అడిగింది. నేను పదేళ్ళుగా ఆ మిగతా వాక్యం కోసమే ఎదురుచూస్తున్నానని చెప్పాను.

సెప్టెంబరులో పరీక్ష రాసింది. పోయింది. ఊళ్ళో కార్ల పార్కింగ్ సమస్య గురించి వ్యాసం రాయమన్నారట. నాలుగు రోజులు కంచె దగ్గరికి రాలేదు. ఐదో రోజు వచ్చి, మడిలోకి చూస్తూ చెప్పింది: "నేను వెళ్ళిపోతున్నాను. టికెట్ తీసుకున్నాం. ఆయన కాంట్రాక్టు అయ్యేదాకా ఉంటాడు."

"ఇంకోసారి రాయొచ్చు కదా," అన్నాను.

"అక్కడ నేను గదిలోకి వస్తే ఏడ్చే అమ్మాయిలు ఏడుపు ఆపేవారు. ఇక్కడ దుకాణంలో పాలు అడిగితే రెండుసార్లు చెప్పించుకుంటారు. నలభై నాలుగేళ్ళకు నేను నోరులేని మనిషినయ్యాను." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. అత్తమ్మకు ఆ రోజే విషయం తెలిసింది. సాయంత్రం "దానికి గీడ అమ్మ లేదు, అందుకే పోతాంది," అంది.

ఆవిడ ప్రయాణం ఇక వారం ఉందనగా, నవంబరులో ఒక పొద్దున, మా పెద్దపాపను బడికి పంపి టిఫిన్ ముందు కూర్చున్న నాకు నొప్పులు మొదలయ్యాయి. ఇంకా రెండు వారాలు టైముందన్న ధీమాతో మా ఆయన ఆఫీసు పని మీద వెల్లింగ్టన్ వెళ్ళాడు. పాప బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఒకరుండాలి గనక అత్తమ్మ కదలడానికి లేదు. ఆమె నన్నేమీ అడగకుండా కంచె దగ్గరికి వెళ్ళి, "బిడ్డా! రా!" అని ఒక్క కేక పెట్టింది. ఆవిడ చేతులకున్న మట్టితోనే వచ్చి నన్ను కారెక్కించింది. ఫ్రాన్సులో కుడి పక్కన నడిపిన అలవాటు ఇంకా పోలేదేమో, మా వీధి మలుపులో కారును తిన్నగా కుడి వైపుకి తీసుకుపోయింది. "ఎడమ! ఎడమ!" అని నేనరిచిన అరుపుకు ఎదురుగా వస్తున్న పోస్టాయన కూడా పక్కకు తప్పుకున్నాడు.

ఆసుపత్రి గదిలోకి చేరాక జరిగింది నేను ఇప్పటికీ తల్చుకుని నవ్వుకుంటాను. నా ఇంగ్లీషు పోయింది. పూర్తిగా పోయింది. మొదటి కాన్పుకు మా ఆయన పక్కనుండి మాట్లాడాడు కాబట్టి నాకీ సంగతి తెలియదు. అక్కడి మిడ్‌వైఫ్, ఈ దేశపు కివీ ఆమె, వంగి ఏదో అడుగుతుంటే, ఆ పెదవులు కదలడం కనిపిస్తోంది తప్ప ఒక్క మాట అర్థం కావడం లేదు. "నడుం గుంజుతాంది, నడుం గుంజుతాంది," అని మాత్రం అంటున్నాను. అప్పుడు ఫ్రెంచి ఆవిడ తలెత్తి ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పింది: "నొప్పంతా నడుములో ఉందంటోంది. పొట్టలో కాదు." మిడ్‌వైఫ్ వెంటనే నన్ను మోకాళ్ళ మీదికి తిప్పించింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తర్వాత నేను "నీళ్ళు" అంటే నీళ్ళు వచ్చాయి, "జర ఆగుమను" అంటే "కొంచెం ఆగమంటోంది" అని వినిపించింది. పక్కన నిలబడ్డ చిన్న నర్సు ఊరుకోలేక, "మీరిద్దరూ మాట్లాడుకునేది ఏ భాష?" అని అడిగింది. "అత్తమ్మ భాష," అంది ఆవిడ.

ఒక విషయం మాత్రం నేను అంత నొప్పిలోనూ చూశాను. బిడ్డ వచ్చే సమయానికి ఆవిడ కుర్చీలో కూర్చుని తన రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుంది. ఇక్కడ ఆ చేతులకు అనుమతి లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ క్షణంలో ముందుకు చాచిన చేతులవి. వాటి మీద కూర్చుని, నోటితో మాత్రం నాకూ ఆ మిడ్‌వైఫ్‌కూ మధ్య వంతెన వేసింది. బాబు ఏడ్చాక చేతులు బయటికి తీసి, తిమ్మిరెక్కిన వేళ్ళను విదిలించుకుంది. కివీ ఆమె బాబును తుడిచి, నా వైపు రాకుండా ముందు ఆవిడ చేతుల్లో పెట్టింది. "మీరు ఇదే పని చేసేవారు కదా? మీరు కూర్చున్న తీరు చూస్తేనే తెలుస్తోంది. మాకిక్కడ మనుషులు చాలడం లేదు, ఎప్పుడొస్తారు?" అంది.

మధ్యాహ్నానికి మా ఆయనా, ఆవిడ భర్తా ఒకేసారి వచ్చారు. ఆవిడ తన భర్తను తలుపు దగ్గరే ఆపి ఫ్రెంచిలో చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆయన మాత్రం నడవాలోని బెంచీ మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భయపడి ఏమైందని అడిగాను. "టికెట్ రద్దు చేయమన్నాను," అంది. మళ్ళీ తనే, "పొద్దుటినుంచీ మాట్లాడుతూనే ఉన్నాను. ఎవరూ ఇంకోసారి చెప్పమనలేదు," అని, అప్పుడు ఏడ్చింది.

రెండో పరీక్షలో పాసయింది, వ్యాసంలో బొటాబొటిగా. అదే ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేసింది. ఈ ఊరి తెలుగు అమ్మాయిలకు నొప్పుల వేళ "జర ఆగు బిడ్డా" అనే తెల్లావిడ కనబడేసరికి ముందు హడలిపోయి, తర్వాత నవ్వేవారట. ఆ తర్వాత ఇంకా ఎండ కావాలని నెల్సన్ వెళ్ళిపోయారు. ఇప్పుడు అక్కడ గాలి తక్కువని ఫిర్యాదు చేస్తున్నారు. ఆవిడ ఆదివారాలు మా అత్తమ్మతో వీడియోలో మాట్లాడుతుంది. నేను మధ్యలో వెళితే ఇద్దరూ నన్ను పెద్దగా పట్టించుకోరు.

ఈ దేశానికి వచ్చి ఎన్నేళ్ళయిందని ఎవరడిగినా ఆవిడ మా బాబు వయసే చెబుతుంది. అంతకు ముందు గడిచిన తొమ్మిది నెలలను లెక్కలో కలపదు. మొదట్లో నేను సరిచేయబోయేదాన్ని. ఇప్పుడు ఊరుకుంటున్నాను. ఎందుకంటే నా లెక్క తీసి చూసుకుంటే నాకూ అర్థమైంది: విమానం దిగిన రోజు పాస్‌పోర్టులో ముద్ర మాత్రమే పడుతుంది, కాలం మొదలయ్యేది ఆ తర్వాతెప్పుడో, మన అవసరం ఆ ఊళ్ళో ఒకరికి కలిగిన రోజున.