పక్క సాలు అత్త

పువ్వు బొమ్మ వేయడం నాకు రాదని మా కాలేజీ పిల్లలు అనుకుంటారు. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి బతుకుతున్నదాన్ని. వేరు వేస్తాను, కాండం వేస్తాను, ఆకులో ఈనెలు కూడా ఒక్కటి వదలకుండా వేస్తాను. పువ్వు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు గీసి, చాక్‌పీసు ఎవరో ఒక పిల్ల చేతిలో పెట్టి, "కేసరాలూ అండకోశమూ నువ్వు వెయ్యమ్మా" అంటాను. మేడమ్‌కి సిగ్గు అని వెనక బెంచీలో నవ్వుకుంటారు. సిగ్గే. కానీ వాళ్ళనుకునే సిగ్గు కాదు.

ఏడేళ్ళ కిందట ఎమ్మెస్సీ పట్టా పెట్టెలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. మా ఊరు వడమాలపేట దగ్గర బస్సు దిగి లోపలికి నడవాలి. ఊరి బయట ఒక రైతు రెండెకరాలకు తెల్లటి వల కట్టించి, విత్తనాల కంపెనీ కోసం టమోటా వేసినాడు. కాయ అమ్ముకోవడానికి కాదు, రెండు జాతులను కలిపి కొత్త విత్తనం తీయడానికి. ఆ పనిని మా ఊళ్ళో అందరూ క్రాసింగ్ అనే అంటారు. ఇరవై మంది ఆడవాళ్ళు పని చేసేవాళ్ళు. అందులో మా అమ్మ ఒకతె. నాయన లారీ మీద పోయి నెలకోసారి వచ్చేవాడు. నాకు చదువుందని, వాళ్ళ పని సరిగ్గా ఉందో లేదో చూసే ఉద్యోగం ఇచ్చినారు.

టమోటా పువ్వులో మగా ఆడా ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. వాటి మానాన వాటిని వదిలేస్తే ఎవరి సాయమూ లేకుండా కాయ పట్టేస్తుంది. మనకు కావలసింది వేరే జాతి పుప్పొడి కాబట్టి, రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే విప్పి, లోపల పచ్చని గొట్టంలా అంటుకుని ఉన్న కేసరాలను చిన్న పట్టకారుతో తీసేయాలి. మధ్యలో వెంట్రుకంత సన్నటి కాడ ఒక్కటే మిగలాలి. తెల్లవారి వేరే మొక్క నుంచి తెచ్చిన పుప్పొడిని ఆ కాడ కొసకు అద్దాలి. పుస్తకంలో దాన్ని కీలాగ్రం అంటారు. మా వాళ్ళకు మొగది, ఆడది అనే రెండు మాటలు చాలు. మొగది గోటంత ముక్క మిగిలినా చాలు, ఆ కాయలో విత్తనం పనికిరాదు.

"మా ఇంట్లో మొగోణ్ణి గూడా ఇట్ల పట్టకారుతో ఎత్తి పారేసేదానికి అయితే ఎంత బాగుండునో" అని ఒకామె అంటే, "పారేస్తే ఏముండాది మ్మే, తెల్లారి యాడనించో ఇంకొకణ్ణి తెచ్చి అంటిస్తారు, ఈ పని సూళ్ళేదా" అని ఇంకొకామె అందుకునేది. వల అదిరిపోయేట్టు నవ్వేవాళ్ళు.

ఆ వలలోకి తలలో పూలు పెట్టుకుని పోకూడదు. వేరే పుప్పొడి ఏదీ లోపలికి రాకూడదని కంపెనీ వాళ్ళ రూలు. మూర పూలు లేకుండా వీధిలోకి రాని ఆడవాళ్ళు రెండు నెలలు బోడి కొప్పులతో తిరిగేవాళ్ళు. "ఇది గూడా కొండే మ్మే. ఆడా పెట్టుకోకూడదు, ఈడా పెట్టుకోకూడదు" అని సర్దుకునేవాళ్ళు. తిరుమల కొండ మీద పువ్వన్నదంతా స్వామిదే, మనుషులు పెట్టుకోరు కదా. పని ముగిసిన రోజు మాత్రం బుట్టెడు మల్లెపూలు వచ్చేవి. ఎవరికి వాళ్ళు పెట్టుకునేది లేదు. పక్క సాలులో పని చేసిన ఆమె పెట్టాలి. రెండు నెలలు పక్కపక్కన వంగి చేసిన మనుషులకు అదే మర్యాద.

ఒక్కొక్కరికి రెండు సాళ్ళు. ఎవరి సాలు ఎవరిదో తెలియడానికి మొదట్లో ఒక పుల్ల గుచ్చి, తమ పాత చీర పేలిక ఒకటి కట్టుకునేవాళ్ళు. వల అంచున చివరి సాళ్ళు మా అమ్మవి, పసుపుపచ్చ పేలిక. దాని పక్కన నీలం పేలిక ఒకామెది. మాకు చుట్టం కాదు, వరసకు అత్త అని పిలిచేదాన్ని. మొగుడు పోయి, కూతుర్ని తమిళనాడు పక్క ఇచ్చి, ఒక్కతే ఉండేది. ఆమెకు ఆ పని తప్ప వేరే ఆధారం లేదు. మొగుడు పోయినా పువ్వు మానని మనిషి. "ఆయప్ప పెట్టిండ్యా ఏమన్నా, నేను పుట్టినప్పుడే మాయమ్మ పెట్టింది" అనేది.

రెండో వారంలో అమ్మ సాళ్ళు చూశాను. మొగ్గ తర్వాత మొగ్గలో కేసరాల ముక్కలు అట్లే ఉన్నాయి. అమ్మ పట్టకారు చేతిలో పట్టుకుని, మొగ్గను కంటికి ఆనించుకుని, వేలి కొసతో తడిమి తీస్తోంది. షుగరు మనిషి. కళ్ళు మసకలు కమ్ముతున్నాయని ఒక్క మాట ఎవరితోనూ అనలేదు. కంపెనీ మనిషి కంట పడితే అమ్మను ఆ రోజే పంపించేస్తాడు.

అప్పుడు నేను చేయవలసింది ఏమిటో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆ మరుసటి బస్సుకే అమ్మను తిరుపతి తీసుకుపోయి కళ్ళు చూపించాలి. నేనేం చేశాను? అయిదింటికి అమ్మ ఇంటికి పోగానే ఆమె సాళ్ళలో కూర్చుని, మిగిలిన ముక్కలన్నీ నేనే తీయడం మొదలుపెట్టాను. అమ్మ పరువు కాపాడుతున్నానని నాలో నేను మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నీలం పేలిక అత్త అంతా చూసింది.

ఇంతలో నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఒక పాఠం చెప్పి చూపించాలి, రెండు రోజులు పడుతుంది. రెండు సాయంత్రాలు అమ్మ సాళ్ళు ఎవరు చూస్తారు? అత్త దగ్గరికి పోయినాను.

"అత్తా, రెండు దినాలు మా అమ్మ సాళ్ళు కొంచెం సూస్తావా? ఎవురికీ చెప్పొద్దు. అమ్మకు గూడా."

"పోయి రా మ్మే. నువ్వు బాగా చెప్పి ఉద్యోగం తెచ్చుకో. మీ అమ్మ సాళ్ళు నేను సూసుకుంటా" అంది. అంతకు ముందు ఏం అడిగినా పది మాటలతో వేధించే మనిషి, ఆ రోజు వెంటనే ఒప్పుకుంది.

నెల్లూరులో వాళ్ళు నాకిచ్చిన పాఠం పువ్వు భాగాలే. నల్లబల్ల నిండా బొమ్మ వేశాను. కేసరం, పరాగకోశం, కీలం, కీలాగ్రం, అండాశయం. గడగడా చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు.

మూడో రోజు పొద్దున నేను వలలో అడుగుపెట్టేసరికి కంపెనీ మనిషి వచ్చి ఉన్నాడు. చేతిలో భూతద్దం. నీలం పేలిక సాలు చివర నిలబడి కేకలు వేస్తున్నాడు.

"ఇది ఎవురి సాలు? ఒక్క మొగ్గన్నా సరిగా తీసినారా? గుడ్డిదాన్ని పెట్టినారా ఈడ?"

పోయి చూశాను. అత్త సాళ్ళలో మొదటి సగం అద్దంలా ఉంది. చివరి సగమే పాడైంది. నాకు వెంటనే అర్థమైంది. అక్కడ అది అర్థం చేసుకోగలిగినదాన్ని నేనొక్కతినే. అమ్మ ఇంటికి పోయినాక, ఉన్న వెలుతురంతా అమ్మ సాళ్ళకు ఖర్చుపెట్టి, తన సాళ్ళలో మిగిలిన సగం మసక చీకట్లో సెల్ లైటు పెట్టుకుని చేసింది అత్త.

ఆయన అంతటితో ఊరుకోలేదు. అందరినీ పిలిచి పసుపుపచ్చ పేలిక సాలు దగ్గర నిలబెట్టినాడు. "ఇది సూడండి. పనంటే ఇట్ల ఉండాల. ఈయమ్మను సూసి నేర్చుకోండి" అన్నాడు. మా అమ్మ ముఖం వెలిగిపోయింది. ఎన్నేళ్ళకో ఒకరు మెచ్చుకున్నారు పాపం. కొంగు సర్దుకుని తలవంచుకుని నవ్వింది.

అత్త నా వైపు చూసింది. అడిగినట్టు కూడా కాదు, ఊరికే చూసింది. ఆ చూపుకు నేను నోరు తెరవాలి. సార్, తప్పు ఆమెది కాదు, నాది అనాలి. మూడు మాటలు. తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాను. అమ్మ నవ్వు ముఖం ఒక పక్క, నెల్లూరు వాళ్ళు పిలిచేదాకా నాకున్న ఈ ఒక్క ఉద్యోగం ఒక పక్క. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే సాకులు. నిజానికి నాకు భయం వేసింది, అంతే.

అత్త వంగి, పుల్లకు కట్టిన నీలం పేలిక విప్పుకుంది. దానితో సద్దిగిన్నె మూటగట్టుకుని, వల తలుపు ఎత్తి వెళ్ళిపోయింది. ఆమె సాళ్ళలో మొగ్గలన్నీ తుంచి పారేయమని నాకే చెప్పినారు. తుంచి పారేశాను.

పని ముగిసిన రోజు పూలు వచ్చినాయి. ఎవరి పక్క సాలు ఆమె వాళ్ళ తలలో పెట్టింది. అమ్మ పక్కన ఎవరూ లేరు. నేను పెట్టాను.

ఆ తర్వాత అమ్మను కళ్ళ డాక్టరుకు చూపించాను. షుగరు కంటి నరాలకు పట్టిందమ్మా, ఒక రెండు నెలలు ముందు తెచ్చినా ఎంతో కొంత మిగిలేది అన్నాడాయన. ఆ రెండు నెలలు నేను మొగ్గలు శుభ్రం చేస్తూ కూర్చున్నాను. ఏడాది తిరక్కుండా అమ్మకు వెలుతురూ నీడా తప్ప ఏమీ కనపడకుండా పోయింది. ఎవరి కోసం నోరు మూసుకున్నానో ఆమెకు ఆ పనీ దక్కలేదు, కళ్ళూ దక్కలేదు. ఆమెను వదిలి నెల్లూరు పోలేక నేను తిరుపతిలోనే కుదిరాను.

అత్తను ఒక్కసారే మళ్ళీ చూశాను. వడమాలపేటలో నగరి బస్సు ఆగితే, కిటికీ పక్కన కూర్చుని ఉంది. నగరిలో మరమగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టే పనికి కుదిరిందట. మనిషి సగమైపోయింది. తలలో పువ్వు లేదు. నన్ను చూడగానే తొంగి అడిగింది.

"మీ అమ్మకు కండ్లు ఎట్లుండాయి మ్మే?"

"బాగుండాయి అత్తా" అన్నాను.

అబద్ధం. పోయినాయి అంటే ఆమె పోగొట్టుకున్నదంతా గంగలో కలిసిందని చెప్పినట్టే కదా. ఆమె ముఖంలో ఒక తృప్తి కనిపించింది. "మంచిది మ్మే. అట్లయితే మంచిది" అంది. బస్సు కదిలింది.

ఆ రాత్రే అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ అంతా వింది. తర్వాత ఒక్కటే అడిగింది. "అయితే ఆ దినం అందరికీ సూపించింది నా సాలు కాదా?"

కాదన్నాను.

మరుసటి ఆదివారమే నగరి పోయి షెడ్డు షెడ్డూ తిరిగాను. కూతురి దగ్గరికని అరవదేశం పోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా అదే మాట.

ఇప్పటికీ ప్రతి శుక్రవారం తిరుపతి నుంచి వచ్చేటప్పుడు అమ్మకు మూర మల్లెలు తెస్తాను. అమ్మ చేతిలోకి తీసుకుంటుంది, వాసన చూస్తుంది, ఒక్కొక్క పువ్వునూ వేలి కొసతో తడుముతుంది. తలలో పెట్టబోతే నా చెయ్యి పక్కకు నెట్టేస్తుంది.

"నువ్వు గాదమ్మా," అంటుంది. "పక్క సాలు ఆమి వచ్చి పెట్టాల."