కవరు మీద రాసిన మాట

కరోనా రెండో అల తగ్గిన తర్వాతి జూన్‌లో, జూబ్లీహిల్స్‌లోని ఒక మానసిక వైద్యశాలలో క్లినికల్ ఫార్మసిస్టుగా చేరాను. పాప కడుపున పడి ఉద్యోగం మానేసేదాకా అక్కడే చేశాను. పైన డాక్టరు గారి గది, కింద మందుల కౌంటరు. ఆ రెండింటికీ మధ్య నా పని. చీటీలో మోతాదు సరిచూడాలి, ఒక మందు ఇంకో మందుతో పడుతుందో లేదో చూడాలి, ఎలా వేసుకోవాలో చెప్పాలి.

యాదగిరి కృష్ణానగర్‌లో ఉండే ఫైటర్. సినిమాల్లో హీరో కొడితే ఎగిరిపడే మనుషుల్లో ఒకడు. నడుముకు తాడు కట్టి పైకి లాగితే గాలిలోనే పల్టీలు కొట్టేవాడు. షూటింగ్‌లో అంత అదుపున్న మనిషికి ఇంట్లో చిన్న మాటకే ఒళ్లు తెలియని కోపం వచ్చేది. ఒకసారి విసిరిన స్టీలు గ్లాసు నాలుగేళ్ల కూతురి చెవి పక్కనుంచి పోయింది. మరునాడే భార్య లత అతణ్ణి మా దగ్గరికి తీసుకొచ్చింది.

డాక్టరు గారు డైవాల్‌ప్రొయెక్స్ రాశారు. అది మూర్ఛకు, అంటే జనం ఫిట్స్ అనే జబ్బుకు వాడే మందు. కొందరిలో ఇలాంటి కోపాన్ని కూడా తగ్గిస్తుంది. అనుమతి పత్రంలో లేని జబ్బుకు డాక్టరు తన బాధ్యత మీద మందు వాడడాన్ని ఆఫ్-లేబుల్ అంటారు. అది తప్పు కాదు, మానసిక వైద్యంలో మామూలే. మోతాదు కుదిరేదాకా తాడెక్కవద్దన్నారు, రక్తపరీక్షలు చేయించారు. రెండు నెలలకు ఇల్లు నిమ్మళించిందని లత ఆయనకు చెప్పింది. డాక్టరు గారు తాడుకు ఒప్పుకున్నారు.

సరిగ్గా అప్పుడే మా కొత్త కవర్లు అచ్చయి వచ్చాయి. మాత్రలు వేసిచ్చే ఆ కాగితపు కవర్ల మీద 'ఈ మందు దేనికి?' అని ఒక గీత నేనే పెట్టించాను. ఏం మింగుతున్నారో జనానికి తెలియాలని నా పట్టుదల. 'నిద్రకు', 'దిగులుకు' అని తెలుగులో రాసేదాన్ని. బాగుందమ్మా, అన్నారు డాక్టరు గారు.

మూడో నెల మందుకు యాదగిరి తన తోటి ఫైటర్ శ్రీనును పంపాడు. శ్రీనుది రాజమండ్రి వైపు. అంత పెద్ద మాత్ర చూసి, "ఇది మనిషికేనాండీ, గుర్రానిక్కాదు గదా?" అన్నాడు. కౌంటరంతా నవ్వింది. యాదగిరి కోపం సంగతి నాకప్పటికి తెలియదు, చీటీలో జబ్బు పేరు లేదు. గోప్యత కోసం మా డాక్టరు గారు రాయరు. పైకి వెళ్లి ఫైలు చూడాల్సింది. చూడలేదు. ఇంకా నవ్వుతూనే, చదువుకున్నప్పుడు నేర్చిన ప్రకారం, 'ఫిట్స్‌కు' అని రాసిచ్చాను.

పది రోజులకు యాదగిరి వచ్చి ఆ కవరూ, మిగిలిన మాత్రలూ నా ముందు పెట్టాడు.

"నాకు ఫిట్స్ ఎప్పుడొచ్చినయ్ మేడం? జర చెప్పుండ్రి."

ఫైట్ మాస్టరు అతణ్ణి తాడు మీంచి తీసేశారు. తర్వాత అసలు పిలవడమే మానేశారు. కవరు మీది మాట చదివి మాస్టరుకు చెప్పింది శ్రీనే. ఆ రోజు అతనూ వెంట వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోకండి మేడమ్. వీడు పైనుంటే తాడు పట్టుకునేది నేను. తెలిసీ నోరు మూసుకుని ఎలా లాగనండీ?"

అతణ్ణి తప్పు పట్టలేకపోయాను. తప్పు నాదని ఇద్దరికీ చెప్పాను. డాక్టరు గారు కిందికొచ్చి, ఇతనికి మూర్ఛ లేదని ఉత్తరం రాసిస్తానన్నారు.

"మరి గోలీ దేనికని మాస్టర్ అడుగుతడు గద సార్? ఫిట్సంటే తాడెక్కనియ్యరు. పిచ్చంటే గేటుకాడికే రానియ్యరు. ఏమని చెప్పాలె?"

ఇది పిచ్చి కాదని డాక్టరు గారు చాలాసేపు చెప్పారు. యాదగిరి తలూపుతూ విన్నాడు. ఉత్తరం తీసుకున్నాడు, మాత్రలు మాత్రం కౌంటరు మీదే వదిలి వెళ్లాడు. ఏ మందూ వాడడం లేదని మాస్టరు ముందు ఒట్టు వేశాడట. నెల తిరిగేసరికి మళ్లీ తాడెక్కాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకు లత ఒక్కతే వచ్చింది. పిల్లను చంకనేసుకుంది.

"కోపం మళ్లొచ్చింది మేడం. మజ్జిగల కలిపి ఇస్త. గోలీలియ్యిండ్రి."

అతనికి తెలియకుండా ఇవ్వడానికి వీల్లేదని చెప్పాను. అది నియమం, ఇప్పటికీ సరైనదే అనుకుంటాను. ఆమె బెంచీ మీద కూర్చుని పిల్ల జడ విప్పి మళ్లీ అల్లింది.

"అయితే పిల్లనన్న తీస్కపోత," అని లేచింది. పుట్టింటికి, దేవరకొండ వైపు వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. డాక్టరు గారు యాదగిరికి రెండుసార్లు ఫోన్ చేయించారు. ఎత్తలేదు. చివరిసారి శ్రీను కనబడినప్పుడు అడిగాను.

"రోజూ తాడెక్కుతున్నాడండీ. ఇంటికి మాత్రం వెళ్లడు. నా రూములోనే పడుకుంటున్నాడు."

కవర్ల మీద ఆ గీత కొట్టేద్దామన్నాను. డాక్టరు గారు వద్దన్నారు. అందులో ఏం రాయమంటారో ముందు ఆ మనిషినే అడగమన్నారు. వేరేవాళ్లు మందు తీసుకెళితే ఖాళీగా వదిలేయమన్నారు. ఉద్యోగం మానేసేదాకా అలాగే చేశాను.

మొన్న మా పాపను క్రెష్‌లో చేర్పించడానికి ఫారం నింపాను. పోయిన నెల జ్వరంలో తనకు ఒకసారి ఫిట్స్ వచ్చాయి. 'జబ్బులేమైనా ఉన్నాయా?' అన్న చోట ఒక్క మాట పట్టే గడి ఉంది. లేవు అని రాస్తే, వాళ్ల దగ్గరున్నప్పుడు తనకు జ్వరమొస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఫిట్స్ అని రాస్తే చేర్చుకోకపోవచ్చు. గడి వదిలేసి పక్క ఖాళీలో రాశాను: ఎప్పుడు వచ్చాయో, ఎంతసేపు ఉన్నాయో, ఇది మూర్ఛ జబ్బు కాదని డాక్టరు చెప్పారని, మళ్లీ వస్తే ఏం చేయాలో. నాలుగు వరుసలయింది. యాదగిరి కవరు మీద కూడా అన్ని వరుసలు రాసేంత చోటుంది. నేను ఒక్క మాట రాశాను.