ఆటల పీరియడ్ తీసేసి పఫ్‌లు పెట్టారు

కార్ఖానా ఏరియాలో మా అమ్మాయి ఇంటర్ చదివిన కాలేజీవాళ్లు ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టారు. పిల్లలు నీరసపడకూడదని గేటు లోపలే ఎగ్ పఫ్‌ల బండి కూడా పెట్టించారు. శనివారం ఎంసెట్ నమూనా పరీక్ష, సోమవారం పొద్దున్నే అందరి ర్యాంకులూ గోడ మీద. దసరాలోపే పిల్ల యూనిఫాం రెండుసార్లు వదులు చేయించాను.

అప్పుడు లెక్కల లెక్చరర్ పిలిపించాడు. గది నిండా తల్లిదండ్రులే.

"అమ్మాయి జెర లావైంది మేడమ్. క్లాసుల నిద్రపోతుంది. ఇంట్ల తిండి తగ్గించుండ్రి."

"ఆటల పీరియడ్ ఏది సార్?"

"ఎంసెట్‌ల ఆటలకు మార్కులు లేవు కదా మేడమ్."

"పఫ్‌లకు ఉన్నాయా?"

వెనక ఎవరో నవ్వారు. మా పిల్ల నా కొంగు లాగింది. "గొడవొద్దు మమ్మీ, తప్పు నాదే. ఆ గోడ చూస్తే చేతులు వణుకుతాయి. ఆకలి లేకపోయినా ఏదో ఒకటి తింటుంటే ఆగుతాయి."

తప్పు తనదేనని ఎంత బాగా నమ్మించారు! ఒళ్లు మండిపోయింది. ఆ ర్యాంకుల కాగితాలు గోడ మీంచి పీకేయమన్నాను.

"అట్లెట్లండీ, మా పిల్లల ర్యాంకు మాకు తెలియాలిగా," అన్నారు ఇందాక నవ్వినవాళ్లే.

స్టడీ అవర్‌కు ఇక పంపనని చెప్పి పిల్లని లేవదీశాను.

"ర్యాంకు రాకపోతే మమ్మల్ని అనొద్దు మేడమ్."

"ర్యాంకు గురించి అనను సార్. ఈ బరువు గురించి మాత్రం మిమ్మల్నే అంటాను."