ఒంటి దోనె

తాడేపల్లిగూడెంలో లారీల కాటా దగ్గర నాకు పని. ఉల్లిపాయల లారీ కాటా ఎక్కగానే అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఒకచోట నిలుస్తాయి. నిలిచిన అంకెనే రాసుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నది అదే. నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత పాత పుస్తకాల కొట్లో కొన్న భౌతికశాస్త్రంతో కుస్తీ పట్టి కొంత నేర్చుకున్నాను. గిన్నెలో గోళీని కదిపితే తిరిగి అడుక్కే వస్తుంది. బోర్లించిన గిన్నె మీద గోళీని కాస్త కదిపినా ఇక వెనక్కి రాదు. మొదటిది స్థిరం, రెండోది అస్థిరం. అది చదివినప్పుడు నాకు మా అక్క గుర్తొచ్చింది.

కొల్లేట్లో అక్క తాటిదోనె మీద నిలబడి గెడకర్ర వేసి నడిపేది. తాటిమొద్దును తొలిచి చేసిన దోనె అది. వెడల్పు మూరకి కాస్త ఎక్కువ, అడుగు గుండ్రం. కూర్చుంటేనే ఊగుతుంది. నిలబడితే బరువు పైకి పోతుంది కాబట్టి లెక్క ప్రకారం పడిపోవాలి. అక్క పడేది కాదు. నేను ముందు కూర్చునేవాణ్ణి. ఆమె పాదాలు క్షణక్షణం చేసుకునే సర్దుబాట్లు మొద్దులోంచి సన్నటి వణుకులా నా వెన్నుకి అందేవి. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, అక్క ఉందని తెలిసేది. ఆ వణుకు తర్వాత ఎక్కడా దొరకలేదు.

నిరుడు అక్కకి కళ్ళు తిరగడం మొదలైంది. లోపలి చెవిలో తేడా అనీ, ఇక నిలబడి దోనె నడపొద్దనీ ఏలూరులో డాక్టరు గారు చెప్పారు. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తూ, ఫోనులో మాత్రం "ఒక్కసారి నీళ్ళ మీదికి తీసుకెళ్ళరా" అని అడిగేది.

రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి కర్రలతో కట్టేస్తే బోల్తా పడవు. మా ఊళ్ళో బరువులకీ, నీళ్ళకి కొత్తవాళ్ళకీ అలా కడతారు. వెడల్పులు కొలిచి, లెక్క వేసుకుని, ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళి కట్టాను. అక్క గట్టు మీద నిలబడి చూసింది.

"చుట్టాల్ని ఎక్కించేది తెచ్చావేంట్రా నాకు?"

"ఇందులో నువ్వు పడవక్కా. ఎటు ఒరిగినా అదే సర్దుకుంటుంది. లెక్క కట్టాను."

"ఓ లారీని కూడా కట్టకపోయావా, ఇంకా గట్టిగా ఉండేది."

ఎక్కి ముందు కూర్చుంది. నేను వెనక నిలబడి గెడ వేశాను. చేపల చెరువులు పోగా మిగిలిన నీళ్ళలో, గుర్రపుడెక్క తప్పించుకుంటూ నూరు బారలు పోయాం. అక్క అరచెయ్యి దోనె అడుగున ఆనించి చూసింది.

"కదలట్లేదురా ఇది. మంచం మీద కూర్చున్నట్టే ఉంది. ఆ మంచం దిగి వచ్చింది దీనికా?"

నా లెక్కలో తప్పు లేదు. అక్క అడిగింది మాత్రం అది కాదు. గెడ దించి చూశాను, మోకాలి లోతు. కట్లు విప్పి, ఖాళీ దోనెను నీళ్ళలో పాతిన వలకర్రకి కట్టేశాను. మాకు మిగిలిన ఒంటి దోనె ఒక్కసారిగా ఊగింది. నా కాళ్ళు బిగుసుకున్నాయి.

అక్క వెనక్కి తిరగలేదు. "మోకాళ్ళు వదులు చెయ్యరా. పడితే తడుస్తాం, అంతేగా."

వదిలాను. దోనె వణుకుతూనే ముందుకి కదిలింది. అక్క అంచు పట్టుకున్న చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఆఁ, ఇప్పుడు తెలుస్తున్నావు."

నాకు మాత్రం ఆ ముందు చోట కూర్చోవాలనిపించింది, వెనక అక్క నిలబడి ఉండగా.