మూత తీసి ఒక దినం

ఈ ఉదయం పెరట్లో సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం చివర కట్టిన దోమల గుడ్డ ఊడి ఒక పక్కకు వేలాడుతోంది. మేస్త్రీ తాతకు చెప్పాలి అనుకుంటూ లోపలికి వచ్చాను. నాన్న తువ్వాలు భుజాన వేసుకొని వరండాలో నిలబడి ఉన్నాడు. తెల్లవారుజామున తాత పోయాడట.

ఆయన మాకు బంధువు కాదు. కౌల్ బజార్‌లో మా వెనక సందులో ఉండేవాడు. మా ఇంటికి సెప్టిక్ ట్యాంకు కట్టింది ఆయనే. మా వీధిలో అదే మొదటిది. ఇలాంటివి మాట్లాడటం మర్యాద కాదని కాన్వెంటులో నేర్చుకున్నాను. అయినా ఆ తొట్టిని వదిలేసి ఆయన్ను తలచుకోవడం నాకు చేతకాదు.

ఏటా వానలకు ముందు వచ్చేవాడు. పొడవాటి వెదురు కర్రకు పాత పంచె గుడ్డ చుట్టి, లోపలికి దించి, నెమ్మదిగా పైకి తీసేవాడు. అడుగున పేరుకున్న మడ్డి గుడ్డకు నల్లగా అంటిన ఎత్తును జానతో కొలిచి నాకు చూపేవాడు.

"ఏమ్మా కాన్వెంటూ, ఇది మీ పుస్తకంలో ఉండాదా?"

నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

"అయితే ఈడ చూసి నేర్చుకో."

ఫినాయిలు సీసా కనిపిస్తే మాత్రం కోపం వచ్చేది. "లోపల కంటికి కనపడని పురుగులుండాయి. అవే మన పనోళ్లు. వాటికి విషం పోస్తే ఎవురు చేస్తారు పని?"

మా అవ్వ ఫినాయిలు పోయలేదు. బూడిద పోసింది. పాత మరుగుదొడ్డిలో అలవాటైనట్టే, వెళ్లిన ప్రతిసారీ పొయ్యిలోని బూడిద దోసెడు చల్లి నీళ్లు కొట్టేది, శుభ్రమని. రెండేళ్లకు అది అడుగున గట్టిపడి తొట్టి పొంగింది. మర్నాడే నన్ను చూడటానికి పెళ్లివారు రావలసి ఉంది.

నాన్న ఒక కూలీని పిలిపించాడు. లోపలికి దిగి గడ్డపారతో తవ్వాలని అతను చొక్కా విప్పాడు. అంతలో తాత వచ్చి, మూత పూర్తిగా తీయించి, తొట్టి నోటికి అడ్డంగా తన కర్ర పెట్టి పక్కనే కూర్చున్నాడు.

"లోపల విషపు గాలుంటాది. ఒక దినం గాలాడాల. ఆ పైన గూడా ఎవురూ దిగేది లేదు. తాడు కట్టి బకెట్టుతో పైనించే తోడదాం."

"రేపు వాళ్లు వస్తాండారు మేస్త్రీ! ఈ కంపులో యాడ కూర్చోబెట్టేది?" అన్నాడు నాన్న.

"వాళ్లకి ముక్కులుండాయి. వీనికి పెండ్లాం బిడ్లుండారు. ఏది పెద్దదో నువ్వే చెప్పప్పా."

"నాకేం కాదు తాతా, చానా తొట్లు దిగినా," అన్నాడు కూలీ.

"పైకొచ్చినోడివి, నువ్వు చెప్తాండావు. రానోడు వచ్చి చెప్పడు గదా?"

కూలీ చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు. చీకటి పడేదాకా తాత అక్కడినుంచి లేవలేదు.

పెళ్లివారు ముక్కులకు గుడ్డ అడ్డం పెట్టుకొని, కాఫీ ముట్టకుండా వెళ్లిపోయారు. మళ్లీ కబురు రాలేదు. తాత, కూలీ మూడు రోజులు తోడి పెరటి చివర గుంతలో పూడ్చారు. నాన్న ఆరు నెలలు ఆయనతో మాట్లాడలేదు.

సంబంధం పోయినందుకు నాకు బాధ లేదనీ, ఆ రోజు ఆయన చేసిందే సరి అనీ తాతకు చెప్పాలనుకున్నాను. మాటలు కూడా కూర్చుకున్నాను. ఏటా ఆయన కర్ర కడుక్కుంటుంటే పక్కన నిలబడి నీళ్లు పోశాను. చెప్పలేదు.

ఇవాళ నాన్న వెంట మొదటిసారి ఆయన గడప దాటాను. ఒకటే గది. చెంబు పట్టుకొని కొండవైపు వెళ్తూ దారిలో కూలిపోయాడని పక్కింటివాళ్లు చెప్పారు. ఆయన అద్దె ఇంట్లో మరుగుదొడ్డి లేదు.