కంభం చెరువులో లడఖ్ పక్షి

జనవరి 18, ఆదివారం. చలి, పలచని మంచు. ఇంట్లో నీళ్ళ తొట్టి కడిగి నింపి, మార్కాపురంలో ఆరుంపావు బస్సెక్కాను. లడఖ్‌లో చెట్టు మొలవనంత ఎత్తున ఉండే చెరువుల పక్కన గుడ్లు పెట్టే బ్రౌన్‌హెడెడ్ గల్ అనే పక్షి, చలికాలంలో మన కంభం చెరువుకు వస్తుందని చదివినప్పటి నుంచి దాన్ని దగ్గరగా చూడాలని కోరిక. అంత దూరం నుంచి అది వస్తుంటే గంట ప్రయాణానికి నేను బద్ధకించడం బాగుండదు. రాష్ట్రం వేరయ్యాక ఇదే మొదటి చలికాలం. బస్సు నిండా కొత్త రాజధాని మాటలే. కంభంలో దిగి, అరవై రూపాయలకు ఆటో మాట్లాడుకొని ఏడున్నరకు కట్ట చేరాను.

చేపలు పట్టే కాశయ్య, ఆయన భార్య రంగమ్మ నన్ను తెప్ప మీద లోపలికి తీసుకుపోయారు. ఇరవై దాకా తెల్లని పక్షులు, ఎర్రని కాళ్ళు. చలికాలం కాబట్టి తల కూడా తెలుపే, కంటి వెనక మాత్రం ముదురు మచ్చ. ఇంకా దగ్గరికి రావాలని గుప్పెడు బొరుగులు నీళ్ళ మీద చల్లాను. అక్కడ వల ఉందని చూసుకోలేదు. బొరుగుల కోసం వాలిన పక్షి రెక్క అందులో చిక్కుకుంది.

"ఏం పని చేస్తివన్నా!" అంటూ కాశయ్య తెప్పను అటు తిప్పాడు. నేను కంగారుగా రెక్క పట్టుకున్నాను.

"లాగొద్దు! పెద్ద ఈక ఒక్కటి ఊడినా అంత దూరం ఎట్ల పోతాదది?"

ఆయన తువ్వాలు పక్షి తల మీద కప్పగానే అది గింజుకోవడం మానింది. కత్తి తీయబోతే రంగమ్మ చెయ్యి పట్టుకుంది. "కొత్త వల. కోస్తే ఊరుకోను. నేను విప్పుతా."

ఒక్కొక్క పోగే విప్పుతూ పక్షితో మాట్లాడింది. "ఎర్ర చెప్పులేసుకొని చుట్టపుచూపుకొచ్చినావే, వల్లో నీకేం పని?" రెక్క మొదట్లో చివరి ముడి రాలేదు. పక్షి నోరు తెరిచి రొప్పుతోంది. రంగమ్మ వంగి ఆ పోగును పళ్ళతో తెంపేసింది.

"కోయొద్దంటివి గదా?" అన్నాడు కాశయ్య.

"కోయలే, కొరికినా. నువ్వు నోర్మూసుకో."

పక్షి రెక్కలు దులుపుకొని లేచింది. ఒక చుట్టు తిరిగి, నేరుగా రెండో వల పక్కనే వాలింది.

"దీని తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది రంగమ్మ. ఇంకో గంట ఉంచాల్సిన ఆ వలను కాశయ్య తెప్ప మీదికి లాగేశాడు.

"మరి ఈ పూట కూర?"

"వంకాయల్లేవా?"

"ఉండాయిలే."

నేను కోరుకున్నంత దగ్గరగానే పక్షిని చూశాను. అలా చూసినందుకు సంతోషించలేను. మార్చిలో తల గోధుమరంగుకు తిరిగి ఉత్తరానికి లేచిపోయేవాటిలో అదీ ఉంటుందని నమ్ముతున్నాను. వెళ్ళదలచినవారు తొమ్మిది దాటాక వెళ్ళండి. అప్పటికి వలలన్నీ ఒడ్డున ఆరుతుంటాయి.