దస్తీ వేసిన సీటు

మొన్న మోకాలి నొప్పికి మందులు తెచ్చుకుందామని మనవరాలిని తోడు తీసుకుని నాంపల్లిలో బస్సు కోసం నిలబడ్డాను. బస్సు ఇంకా ఆగనే లేదు, కింద ఉన్న ఒకామె కిటికీలోంచి దస్తీ విసిరి సీటు పట్టేసుకుంది. మేమెక్కేసరికి ఆ సీటు ఖాళీగానే ఉంది గానీ, దస్తీ పడి ఉన్న చోట కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పదు కదా, నిలబడే ఉన్నాం. కాలేజీలో జీవశాస్త్రం చదివే మా మనవరాలు మూతి ముడుచుకుంటే, మీ చిన్ననానమ్మ జబ్బు కూడా ఇదేనే అన్నాను. అది నా వంక తెల్లబోయి చూసింది. బస్సులో దానికి ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతి, నా ఈడు వాళ్ళు కనుక, మీకు నింపాదిగా చెబుతాను.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో అప్పట్లో మాది కిరాయి ఇల్లు. మా ఇంటాయన, మరిది కలిసి అబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం నడిపేవారు. మరిది భార్య, మా వైపు మాటలో యారాలు, చాదర్‌ఘాట్ పిల్ల. పొద్దున లేచిందంటే నీళ్ళు పట్టడం, వాకిలి ఊడ్వడం, రోట్లో పచ్చడి నూరడం, అన్నీ నవ్వుతూ మాట్లాడుతూ చేసేది. కాపురానికొచ్చిన కొన్నాళ్ళకు, పొద్దువాలేసరికి మనిషి మారిపోవడం మొదలైంది. రెప్పలు వాలిపోయేవి, జడ వేసుకోబోతే చేతులు జారిపోయేవి, గొంతు ముక్కులోంచి వచ్చేది. రాత్రి అన్నం దగ్గర నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ నిలవక, ఎడమచెయ్యి ఆనించి పట్టుకునేది.

దీపాలు పెట్టిన ఇంట్లో ఆడది చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చోవడం ఎంత అశుభమో మన తరానికి చెప్పనక్కరలేదు. మా అత్తమ్మ కంట్లో అదే పడింది.

“ఎవరు పోయిన్రని చెంపకు చెయ్యి పెట్టినవే? పొద్దుగాల లేని నీరసం మాపటికి యాడికెళ్లి వస్తది?” అనేది.

ఆ పిల్ల జవాబు చెప్పబోతే మాట ముద్దగా వచ్చేది, అత్తమ్మ దాన్ని వెక్కిరింత అనుకునేది. దవాఖానలో ఓపీ పొద్దున, ఈమె జబ్బేమో సాయంత్రం. రాత్రంతా పడుకుని లేచి వచ్చిన మనిషిలో డాక్టర్లకు మాత్రం ఏం కనబడుతుంది, బలానికి మాత్రలు రాసి పంపేవారు. చివరికి అత్తమ్మ, వచ్చే ఆదివారం వచ్చి మీ పిల్లను తీసుకుపోండని చాదర్‌ఘాట్‌కు కబురు చేసింది. ఒకసారి తీసుకుపోతే మళ్ళీ పంపమని అడిగే మనిషి కాదని మాకందరికీ తెలుసు. మరిది తల వంచుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే నేను యారాలిని మరోసారి దవాఖానకు తీసుకుపోయాను. కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ అంతా ఓపికగా విని, రేపు ఇంటిపనంతా చేయించి బాగా అలిసిపోయాక తీసుకురమ్మంది. మందుకు బదులు అలసట రాసిచ్చిన డాక్టరును నేనెన్నడూ చూడలేదు. అత్తమ్మకు మాత్రం ఆ మాట నచ్చింది. మర్నాడు తెల్లవారక ముందే పప్పు రుబ్బించి, దుప్పట్లు ఉతికించి, “నాటకం బయటపడతది, నేను గూడ వస్త” అని మాతో బయలుదేరింది.

డాక్టరమ్మ యారాలిని తల కదపకుండా పైన ఫ్యాను వంకే చూస్తూ ఉండమంది. చూస్తుండగానే రెప్పలు రెండూ మెల్లగా జారిపోయాయి. తర్వాత చేతికి సూది వేశారు. కాసేపటికి ఆ రెప్పలు వాటంతట అవే లేచాయి. యారాలు ఎదురుగా ఉన్న అత్తమ్మను చూసి, “అత్తమ్మా” అని పిలిచింది, పొద్దుటి పూట ఉండే గొంతుతో.

అత్తమ్మ, ఇదేం రోగమని అడిగింది. అప్పుడు డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా బస్సు సంగతి ఎత్తుకుంది. మన కండ పైపొర మీద కంటికి కనిపించని సీట్లుంటాయట. కదులు అని నరం పంపిన కబురు వచ్చి ఆ సీట్లో కూర్చుంటేనే కండ కదులుతుంది. ఈమె ఒంట్లో పుట్టిన ఒక ప్రొటీను ఆ సీట్ల మీద దస్తీలా పడి ఉంటుంది, తాను ఏ పనీ చేయదు, ఇంకొకరిని కూర్చోనివ్వదు. పొద్దున కబుర్లు గుంపుగా వస్తాయి కనుక మిగిలిన సీట్లు ఎలాగో దొరుకుతాయి, పని చేసిన కొద్దీ ఆ రాక పలచబడుతుంది. ఆ సూదిమందులాగే పనిచేసే మాత్ర రాసిచ్చింది, దస్తీలను తీయడం మాత్రం దాని వల్ల కాదట. వచ్చిన కబురును వెంటనే దింపేయనీయకుండా కాసేపు నిలబడనిస్తుంది, ఆలోగా ఎక్కడో ఒక చోటు దొరుకుతుంది.

“మరి గా దస్తీ ఏసినోళ్ళు ఎవరు బిడ్డా?” అంది అత్తమ్మ.

“బయటోళ్ళు కాదు పెద్దమ్మా, ఆమె ఒళ్ళే. రోగాలను అడ్డుకోవాల్సింది పోయి, ఇంటిదాన్నే పరాయిదనుకున్నది.”

ఇంటికి రాగానే అత్తమ్మ, ఆదివారం రావద్దని చాదర్‌ఘాట్‌కు మనిషిని పంపింది.

తప్పయిందని ఆమె ఎన్నడూ అనలేదు. మాత్ర వేసుకున్న కాసేపటికి నమిలే బలం బాగుంటుందన్న మాట పట్టుకుని, ఇంట్లో అన్నాల వేళే మార్చేసింది. పొద్దుండగానే పంక్తి వేసేది. మగవాళ్ళు దుకాణం వదిలి అబిడ్స్ నుంచి నడిచి వచ్చి, తిని మళ్ళీ వెళ్ళేవారు. అప్పుడే ఆకలి లేదని ఒకనాడు మా ఇంటాయన సణిగితే, “ఆకలి నీకు గాదు, దానికి. జర కూసో” అంది. అందరికన్నా నెమ్మదిగా తాను తినేది. యారాలి ఆఖరి ముద్ద అయ్యేదాకా కంచంలో మెతుకులు కలుపుతూనే ఉండేది. ఆ పిల్ల చెంపకు చెయ్యి ఆనించుకున్నా చూడనట్టే ఉండేది. అలా ఆ ఇంట్లోనే యారాలు ఇద్దరు పిల్లల్ని కని పెంచి, వాళ్ళ పెళ్ళిళ్ళు చేసింది.

ఆ దస్తీలను తగ్గించే మందులు కూడా ఇప్పుడు వచ్చాయని మా మనవరాలు చెప్పింది. మంచిదే, యారాలు పోయి కొన్నేళ్ళయింది గానీ, ఇంకెవరికైనా పనికొస్తాయి. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి కంచం వాళ్ళది, ఎవరి వేళ వాళ్ళది, ఒకరు ఫోను చూస్తూ తింటారు, ఒకరు గదిలోకి పట్టుకుపోతారు. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు, వాళ్ళ పనులు అలాంటివి. నేను మాత్రం వెలుగుండగానే కూర్చుంటాను. అత్తమ్మలాగే నెమ్మదిగా తినడం నాకూ వచ్చేసింది, ఎవరి ఆఖరి ముద్ద కోసమో ఆగినట్టు చూస్తాను, పక్కన ఎవరూ ఉండరు.